నీటిని లెక్కకు తెచ్చిన రసాయనవేత్త: జోసెఫ్ లూయీ ప్రూస్ట్

ఒక పదార్థంలో ఏమేమి ఎంతెంత ఉన్నవో చెప్పడం చూపునకు సులభమైన పని. తూచి, విడదీసి, నూటికి ఇన్ని పాళ్ళని వ్రాసిన చాలునని తోచును. కాని ఆ పదార్థంలో నీరు కూడ ఉన్నచో ఆ నీటిని ఏమి చేయవలెను? పదార్థంలో భాగమని లెక్కలో చేర్చవలెనా, అంటుకొని వచ్చిన తడి అని తీసివేయవలెనా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానం లేకపోవుట చేతనే పద్దెనిమిదవ శతాబ్ది చివర రసాయన శాస్త్రం పెద్ద సందిగ్ధంలో పడినది. సంయోగ పదార్థానికి స్థిరమైన సంఘటనం ఉన్నదా లేదా అన్న మూల ప్రశ్నయే తేలక నిలిచినది. దానిని తేల్చినవారిలో అగ్రగణ్యుడు ఫ్రెంచి రసాయనవేత్త జోసెఫ్ లూయీ ప్రూస్ట్. మన పాఠ్యపుస్తకాలలో స్థిరానుపాత నియమం ప్రక్కన ఆయన పేరు ఒక పంక్తిలో కనబడును. ఆ పంక్తి వెనుక డెబ్బది యొక్క సంవత్సరాల జీవితమున్నది. ఆ జీవితంలో సాహసం, పరిశ్రమ, వివాదం, సర్వనాశనం, తిరిగి లభించిన గౌరవం అన్నియు ఉన్నవి.

ప్రూస్ట్ 1754 సెప్టెంబరు 26న ఫ్రాన్సు పశ్చిమ ప్రాంతంలోని ఆంజే నగరంలో జన్మించినాడు. తండ్రి ఔషధశాల నడుపుచుండెడివాడు. ఆ కాలంలో ఐరోపాలో ఔషధశాల నేటి మందుల దుకాణం వంటిది కాదు. మూలికలను నూరుట, లవణాలను కరగించుట, కషాయాలను బట్టీ పెట్టుట, స్ఫటికాలను ఆరబెట్టి తూచి పొట్లాలు కట్టుట, అన్నియు అక్కడనే జరిగెడివి. తడి ఆరని లవణాన్ని తూచి ఇచ్చినచో రోగికి మందు తక్కువగా అందును. అతిగా ఎండబెట్టినచో అదే తూకంలో మందు ఎక్కువగా పోవును. తూకం తప్పితే ప్రాణమే తప్పునన్న పాఠం ఔషధ వృత్తికి పునాది. ఆ వృత్తిలో పెరిగిన బాలునికి త్రాసు చేతి పనిముట్టు కావడంలో వింత లేదు.

తండ్రి వద్ద పని నేర్చిన పిదప ప్రూస్ట్ పారిస్ నగరానికి వెళ్ళినాడు. అక్కడ ఔషధ విద్యతో పాటు హిలేర్ మారిన్ రువెల్ అనే ప్రసిద్ధ బోధకుని వద్ద రసాయన శాస్త్రం అభ్యసించినాడు. 1776 నాటికి పారిస్‌లోని సాల్పెత్రియేర్ వైద్యశాలలో ప్రధాన ఔషధ నిర్మాతగా నియమితుడైనాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరువది రెండేండ్లు మాత్రమే. రెండేండ్లు గడిచేసరికి, 1778లో, స్పెయిన్ దేశంలోని బాస్క్ ప్రాంతమైన వెర్గారాలో నెలకొల్పబడిన విద్యాలయానికి రసాయన శాస్త్రాచార్యుడుగా పిలుపు వచ్చినది. అక్కడ కొంతకాలం బోధించి, 1780లో పారిస్‌కు తిరిగి వచ్చినాడు.

పారిస్‌లో ఆయనకు పిలాత్ర్ ద రోజియే అనే సాహసికునితో సాన్నిహిత్యం కలిగినది. 1783 నవంబరులో మానవుడు మొట్టమొదటిసారిగా బెలూనులో స్వేచ్ఛగా గగనానికెగసినప్పుడు అందులో ఉన్న ఇరువురిలో ఒకడు ఆ రోజియే. 1784 జూన్ 23న వెర్సాయ్ ప్రాసాదం ముందు, ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ, స్వీడన్ రాజు మూడవ గుస్తావ్ చూచుచుండగా, ప్రూస్ట్ ఆయనతో కలిసి వేడిగాలి బెలూనులో పైకి వెళ్ళినాడు. బెలూను సుమారు 3,000 మీటర్ల ఎత్తున మేఘాలను దాటి, దాదాపు యాభై కిలోమీటర్లు ప్రయాణించి క్షేమంగా దిగినది. మరుసటి సంవత్సరం జూన్ మాసంలో ఇంగ్లీషు కాలువను దాటబోయి రోజియే బెలూను కూలి మరణించినాడు. ప్రూస్ట్ మరల గగనం వైపు పోలేదు. ఆయన జీవిత కార్యం నేలమీదనే, త్రాసు ముందరనే వేచియున్నది.

1786లో స్పెయిన్ ప్రభుత్వం ఆయనను మరల ఆహ్వానించినది. సెగోవియా నగరంలో ప్రాచీనమైన అల్కజార్ దుర్గంలో రాజకీయ ఫిరంగి దళ కళాశాల ఉండెడిది. తుపాకి మందు, లోహాలు, లవణాలు, ఆమ్లాలు, వీటి జ్ఞానం లేనిదే ఫిరంగి దళం నడువదు గనుక సైనికాధికారులకు రసాయన శాస్త్రం నేర్పవలెనని పాలకులు నిశ్చయించినారు. అందులకు ప్రత్యేకంగా ఒక ప్రయోగశాల నిర్మింపబడి, 1792లో బోధన ప్రారంభమైనది. ఆ ప్రయోగశాల పరిశోధనలను ప్రూస్ట్ 1791, 1795 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా ప్రకటించినాడు. 1799లో రాజాజ్ఞ ననుసరించి మాడ్రిడ్‌కు మారి అక్కడి రాజకీయ ప్రయోగశాలకు అధిపతి అయినాడు. స్వదేశంలో విప్లవాగ్ని రగిలి, 1794లో మహా శాస్త్రజ్ఞుడు లావోయిజర్ శిరచ్ఛేదానికి గురియైన కాలంలో, ప్రూస్ట్ స్పెయిన్‌లో ప్రశాంతంగా పని చేసికొనగలిగినాడు. ఈ ఇరువది ఏండ్లే ఆయన శాస్త్ర జీవితంలో స్వర్ణయుగం.

ఆనాటి రసాయన శాస్త్ర స్థితిని కొంత గ్రహించినగాని ప్రూస్ట్ చేసిన పని విలువ తెలియదు. నీరు మూలపదార్థం కాదనియు, ఉదజని, ప్రాణవాయువుల సంయోగమనియు 1783 ప్రాంతంలోనే తేలినది. లోహం గాలిలో కాలినప్పుడు ప్రాణవాయువుతో కలిసి ఆక్సైడు అగునని లావోయిజర్ నిరూపించినాడు. కాని ఈ రెండు సత్యాలూ కలిసి ఒక క్రొత్త చిక్కును తెచ్చినవి. ఆక్సైడులోను ప్రాణవాయువున్నది, నీటిలోను ప్రాణవాయువున్నది. ఒక లోహపు పొడి తూకంలో లోహం పోగా మిగిలిన భాగం ఎంతయో తెలిసినప్పటికిని, అది లోహంతో కలిసిన ప్రాణవాయువా, లేక నీరా, లేక రెండునా? తూకం మాత్రమే దీనిని చెప్పజాలదు.

ఈ చిక్కును రాగి విషయంలో చూడవచ్చును. రాగి లవణ ద్రావణంలో చల్లగా నుండగా క్షారం కలిపినచో నీలిరంగు అవక్షేపం ఏర్పడును. దానిని వేడిచేసిన నల్లని పొడిగా మారును. నేటి లెక్క ప్రకారం నల్లని పొడిలో నూటికి 79.9 పాళ్ళు రాగి, 20.1 పాళ్ళు ప్రాణవాయువు. నీలి పదార్థంలో రాగి 65.1 పాళ్ళు మాత్రమే. నీటిని గుర్తింపని విశ్లేషకుడు మిగిలిన 34.9 పాళ్ళు అంతయు ప్రాణవాయువే అనుకొనును. నీలి పదార్థం సగం మాడి సగం మిగిలిన చోట రాగి 70 పాళ్ళో, 75 పాళ్ళో కనబడును. ఇట్లు ఒకే లోహానికి ఎన్ని ఆక్సైడులు కావలెనన్న అన్ని దొరకును. రాగి ప్రాణవాయువుతో తోచిన పాళ్ళలో కలియునన్న తప్పు నిర్ణయానికి ఇది చక్కని దారి.

ప్రూస్ట్ ఈ దారిలో పడలేదు. నీలి అవక్షేపం వేరొక ఆక్సైడు కాదనియు, నల్ల ఆక్సైడు నీటితో ఒక నిర్దిష్టమైన పాలులో కలిసి ఏర్పడిన సంయోగమనియు ఆయన గుర్తించినాడు. ఆ తరగతి పదార్థాలకు హైడ్రేటులన్న పేరును ఆయనయే వాడుకలోనికి తెచ్చినాడు. ఈ నీలి పదార్థాన్ని నేడు మనం హైడ్రాక్సైడు అంటాము. అందులో నీటి అణువు నీటి రూపంలో ఉండదనియు, వేడిచేసినప్పుడే నీరుగా వెలువడుననియు తరువాతి శాస్త్రం చెప్పినది. అయినను లెక్క మారలేదు. నల్ల ఆక్సైడు 81.5 పాళ్ళు, నీరు 18.5 పాళ్ళు. ఎవరు చేసినను, ఎక్కడ చేసినను అంతే. నీరు పదార్థాన్ని పట్టుకొని వచ్చిన తడి మాత్రమే కాదు, ఒక ఆమ్లం వలె, ఒక ఆక్సైడు వలె, సంయోగంలో తన వంతు పాలు గల భాగస్వామి కూడ కాగలదన్నది ఆయన తెచ్చిన క్రొత్త దృష్టి.

1799లో ఆయన రాగిని గూర్చిన సుప్రసిద్ధ పరిశోధనను ప్రకటించినాడు. నూరు పాళ్ళ రాగిని ఆమ్లంలో కరగించి, సోడా లేక పొటాషు కార్బొనేటుతో అవక్షేపింపజేసినచో ఎల్లప్పుడును 180 పాళ్ళ పచ్చని కార్బొనేటు లభించుచున్నదని ఆయన కనుగొన్నాడు. గనిలో దొరికే మలకైటు అనే పచ్చరాయిని కరగించి తిరిగి అవక్షేపింపజేసినను అదే పదార్థం, అదే పాళ్ళలో వచ్చినది. భూగర్భంలో యుగయుగాలుగా ప్రకృతి చేసినదానికిని, ప్రయోగశాలలో ఒక పూటలో మానవుడు చేసినదానికిని సంఘటనంలో భేదం లేదు. జపాను ఇంగిలీకానికిని స్పెయిన్ ఇంగిలీకానికిని, పెరూ దేశపు వెండి క్లోరైడుకును సైబీరియా వెండి క్లోరైడుకును కూడ భేదం లేదని ఆయన చాటినాడు. ఇదే స్థిరానుపాత నియమం.

నేటి సూత్రం ప్రకారం నూరు పాళ్ళ రాగికి పచ్చని కార్బొనేటు సుమారు 174 పాళ్ళు రావలెను. అందులో నల్ల ఆక్సైడు నూటికి 72 పాళ్ళు, బొగ్గుపులుసు వాయువు 20 పాళ్ళు, నీరు 8 పాళ్ళు సుమారుగా ఉండును. ప్రూస్ట్ అంకెకును నేటి అంకెకును మధ్య కొద్ది తేడా ఉన్న మాట నిజమే. కాని ఆయన నిరూపణ ఒక అంకె కచ్చితత్వం మీద ఆధారపడలేదు. మరల మరల చేసినను అదే ఫలితం వచ్చుటయే ఆయన బలం. ఆ పచ్చని పదార్థపు లెక్కలో నీటికి కూడ ఒక స్థానమిచ్చుట మరొక బలం.

ఈ నియమానికి ఎదురు నిలిచినవాడు సామాన్యుడు కాడు. క్లోద్ లూయీ బెర్తొలే ఆనాటి ఫ్రెంచి రసాయనవేత్తలలో మహామహుడు, నెపోలియన్‌కు ఆప్తుడు. నెపోలియన్ ఈజిప్టు దండయాత్రలో బెర్తొలే కూడ వెళ్ళినాడు. అక్కడి ఎడారి సరస్సుల ఒడ్డున నత్రూన్ అనే సోడా ఉప్పు పేరుకొని యుండుట చూచినాడు. ఈ అరబ్బీ పేరు నుండియే సోడియం లోహానికి నేట్రియం అన్న లాటిన్ పేరు పుట్టినది. ప్రయోగశాలలో సోడా, కాల్షియం లవణాల మధ్య జరిగే చర్య ఆ సరస్సులలో వెనుకకు తిరిగి జరుగుచున్నదని ఆయనకు తట్టినది. సున్నపురాయి, ఉప్పు అపారంగా ఉండుటయే అందుకు కారణం. దీనినుండి రసాయన చర్య పదార్థాల రాశిపై ఆధారపడునని ఆయన 1799లో కైరోలో సిద్ధాంతీకరించినాడు. ఇది గొప్ప సత్యం. కాని ఆయన అక్కడితో ఆగలేదు. చర్య మాత్రమే కాక, ఏర్పడిన పదార్థపు సంఘటనం కూడ రాశులను బట్టి మారుననియు, స్థిరమైన పాళ్ళు అపవాదాలే గాని నియమం కాదనియు వాదించినాడు. 1803లో వెలువడిన తన మహా గ్రంథంలో ఈ వాదాన్ని విస్తరించినాడు.

ప్రూస్ట్, బెర్తొలేల మధ్య ఈ వివాదం ఎనిమిదేండ్లకు పైగా శాస్త్ర పత్రికలలో సాగినది. ఒకరు మాడ్రిడ్‌లో, ఒకరు పారిస్‌లో. ఒకరు విదేశంలో జీతానికి కుదిరిన ఆచార్యుడు, ఒకరు చక్రవర్తి సభలో గౌరవనీయుడు. అయినను వ్యక్తిదూషణకు తావు లేకుండ, పరస్పర మర్యాదతో వారు వాదించుకొన్న తీరు నేటికిని ఆదర్శంగా చెప్పబడుచున్నది. బెర్తొలే మారుచున్న సంఘటనానికి దృష్టాంతంగా చూపిన పదార్థాలను ప్రూస్ట్ ఒక్కొక్కటిగా చేతికి తీసికొని పరీక్షించినాడు. తగరం విషయంలో రెండే ఆక్సైడులున్నవనియు, మధ్యస్థంగా కనబడేవి ఆ రెండింటి మిశ్రమాలనియు చూపినాడు. మరికొన్ని ఆక్సైడులే కావు, నీటితో కూడిన హైడ్రేటులు అని తేల్చినాడు. మిశ్రమానికిని సంయోగానికిని భేదం, శుష్క పదార్థానికిని సజల పదార్థానికిని భేదం, ఈ రెండు రేఖలు స్పష్టంగా గీసినంతనే బెర్తొలే వాదానికి ఆధారమైన మధ్యస్థ పదార్థాలలో చాలభాగం మాయమైనవి.

ఇక్కడ మన ప్రయోగశాలలో అందరికీ తెలిసిన మైలుతుత్తం ఉదాహరణ చెప్పుకొందము. నీలి స్ఫటికాలు 100 గ్రాములు వేడిచేయగా నీరంతయు పోయి 63.9 గ్రాముల తెల్లని పొడి మిగులును. పోయిన నీరు 36.1 గ్రాములు. మైలుతుత్తంలో నీరెంత అని ప్రశ్నించిన, స్ఫటికాన్ని నూరుగా తీసికొన్నచో 36.1 పాళ్ళు, అనార్ద్ర లవణాన్ని నూరుగా తీసికొన్నచో 56.4 పాళ్ళు. రాగి ఎంత అని ప్రశ్నించిన, స్ఫటికంలో 25.5 పాళ్ళు, తెల్లని పొడిలో 39.8 పాళ్ళు. నాలుగు అంకెలూ సత్యాలే. ఏ అంకె దేనిని నూరుగా పెట్టుకొని వ్రాసినదో చెప్పకున్నచో నాలుగూ నిరర్థకాలే. మరియొక విశేషం కలదు. ఆ నీరు కొంచెం కొంచెంగా, అడ్డు ఆపు లేకుండ పోదు. స్ఫటికంలోని అయిదు నీటి అణువులలో నాలుగు తక్కువ వేడికి, చివరిది 200 డిగ్రీలు దాటిన పిదప వెలువడును. నీరు మెట్లు మెట్లుగా పోవుటయే అది లెక్క ప్రకారం కలిసియున్నదని చెప్పుచున్నది. గుడ్డకు పట్టిన తడి అట్లు పోదు.

ప్రూస్ట్ విజయంలో ఒక లోటు కూడ మిగిలినది. అది సైతం లెక్క వ్రాసే పద్ధతికి సంబంధించినదే. ఆయన తన విశ్లేషణలను మొత్తం పదార్థం నూటికి ఇన్ని పాళ్ళని వ్రాసినాడు. రాగి ఎర్ర ఆక్సైడులో ప్రాణవాయువు నూటికి 11.2 పాళ్ళు, నల్ల ఆక్సైడులో 20.1 పాళ్ళు. ఈ రెండంకెలను ఎంత సేపు చూచినను వాటి సంబంధం కనబడదు. మొత్తాన్ని నూరుగా గాక రాగిని నూరుగా నిలిపి వ్రాసిన, ఎర్రదానిలో ప్రాణవాయువు 12.6, నల్లదానిలో 25.2. సరిగా రెట్టింపు! ఈ రెట్టింపును చూచినవాడు ఇంగ్లండులోని జాన్ డాల్టన్. పరమాణువులు పూర్ణ సంఖ్యలలోనే కలియును గనుక అట్లగుచున్నదని చెప్పి, 1808లో తన పరమాణు సిద్ధాంత గ్రంథాన్ని వెలువరించినాడు. చేతికందిన ఫలాన్ని ప్రూస్ట్ కోయలేకపోయినాడు. కాని ఆ చెట్టుకు వేరు స్థిరానుపాత నియమమే. స్వీడన్ శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ తరువాతి సంవత్సరాలలో చేసిన అసంఖ్యాక విశ్లేషణలు ఈ నియమాన్ని సుస్థిరం చేసినవి. స్ఫటికాలలోని నీరు కూడ నియమబద్ధమైన పాళ్ళలోనే ఉండునని అవి చూపినవి.

ఇంతలో ప్రూస్ట్ జీవితంపై పిడుగు పడినది. 1806 చివర ఆయన స్వంత పనులపై ఫ్రాన్సుకు వెళ్ళినాడు. 1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌ను ఆక్రమించినవి. మాడ్రిడ్ యుద్ధరంగమైనది. ఆ కల్లోలంలో ఇరువది ఏండ్ల శ్రమతో కూర్చుకొన్న ప్రయోగశాల ధ్వంసమైనది. ఉద్యోగం పోయినది, ఉపకరణాలు పోయినవి, సేకరించిన ఖనిజాలు పోయినవి. తన దేశపు సైన్యం నడిపిన యుద్ధమే తన జీవిత కార్యాన్ని నాశనం చేయుట కంటె విషాదమేమున్నది? ఏబదియేండ్లు దాటిన ఆ విద్వాంసుడు ఫ్రాన్సులోని క్రాన్ అనే చిన్న పట్టణంలో పేదరికంలో కాలం గడుపవలసి వచ్చినది.

అదృష్టం ఒకసారి తలుపు తట్టినది. ఇంగ్లండుతో వైరం వలన ఫ్రాన్సుకు చెరకు పంచదార రాక నిలిచిపోయినది. ద్రాక్ష రసంలోని చక్కెరను గూర్చి ప్రూస్ట్ అంతకుముందే పరిశోధించియుండెను. ఆ చక్కెర తయారీకి కర్మాగారం పెట్టినచో 1,00,000 ఫ్రాంకులు ఇత్తునని నెపోలియన్ ప్రభుత్వం చెప్పినది. దారిద్ర్యంలో ఉండియు ఆయన దానిని స్వీకరింపలేదు. వయస్సు, ఆరోగ్యం అంతటి భారానికి తగవని విరమించుకొన్నాడు. చేయలేని పనికి సొమ్ము పుచ్చుకొనని ఆ నిజాయితీ, లెక్కలో లేని పాలును ఉన్నట్లు వ్రాయని ఆయన శాస్త్ర నిజాయితీకి తోడబుట్టినదే.

విశేషమేమనగా, ద్రాక్ష చక్కెర కూడ నీటిని పట్టుకొని స్ఫటికీకరించును. సాధారణ ఉష్ణోగ్రతలో నీటినుండి ఏర్పడే దాని స్ఫటికంలో ఒక్కొక్క చక్కెర అణువుకు ఒక నీటి అణువుండును. అది నూటికి 9.1 పాళ్ళు. దీనినే నేడు వైద్యశాలలో డెక్స్‌ట్రోజు అంటారు. 10 గ్రాముల అనార్ద్ర డెక్స్‌ట్రోజు కావలెనన్న, సజల డెక్స్‌ట్రోజు 11 గ్రాములు తూచవలెను. అందుచేతనే ఔషధ గ్రంథాలు సజలమా, అనార్ద్రమా అని పేరులోనే చెప్పును. ఔషధశాలలో పుట్టి పెరిగిన ప్రూస్ట్ ఈ కట్టుబాటును చూచియున్నచో ఎంత సంతసించెడివాడో!

చివరికి గౌరవం ఆలస్యంగానైనను వచ్చినది. 1816లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. పారిస్‌లో నివసింపనక్కరలేదన్న సడలింపు కూడ ఇచ్చినది. పదునెనిమిదవ లూయీ ప్రభుత్వం ఉపకార వేతనం మంజూరు చేసినది. 1817లో భార్య మరణించగా ఆయన స్వస్థలమైన ఆంజేకు చేరినాడు. వృద్ధాప్యంలోను పని మానలేదు. జున్నునుండి నేడు లూసిన్ అని పిలువబడే పదార్థాన్ని వేరుచేసినది ఈ కాలంలోనే. 1820లో సోదరుని ఔషధశాలను తన చేతిలోనికి తీసికొన్నాడు. తండ్రి దుకాణంలో త్రాసు పట్టి ప్రారంభించిన జీవితం అదే నగరంలో మరల త్రాసు ప్రక్కకే చేరినది. 1826 జూలై 5న ఆంజేలో ప్రూస్ట్ కన్నుమూసినాడు.

కాలం బెర్తొలేకు కూడ న్యాయం చేసినది. రాశిని బట్టి చర్య మారునన్న ఆయన భావం 1864లో గుల్డ్‌బర్గ్, వాగే అనే నార్వే శాస్త్రజ్ఞుల చేతిలో ద్రవ్యరాశి క్రియా నియమంగా రూపొందినది. సంఘటనం కొంతమేర మారే ఘన పదార్థాలు కూడ కలవని ఇరువదవ శతాబ్దిలో తేలగా, రష్యా శాస్త్రజ్ఞుడు కుర్నకోవ్ వాటికి బెర్తొలే పేరే పెట్టినాడు. ఇనుప ఆక్సైడులలో ఒకటి ఇట్టిదే. జియోలైటులనే ఖనిజాలలో నీరు పరిసరాల తేమను బట్టి హెచ్చుచు తగ్గుచుండును, అయినను స్ఫటిక నిర్మాణం చెదరదు. కనుక నీటి పాలు ప్రతిచోట స్థిరమేనని పట్టుపట్టరాదు. ఏ పదార్థంలో స్థిరం, ఏ పదార్థంలో అస్థిరం అన్నది ప్రయోగం చేసి తెలిసికొనవలసినదే. ప్రూస్ట్ చేసినదియు అదే.

శిలలను విశ్లేషించే ప్రయోగశాలలలో నేటికిని నీటిని రెండు పద్దులుగా వ్రాయు ఆచారమున్నది. సుమారు 110 డిగ్రీల వేడికి పోయే తడిని మైనస్ గుర్తుతోను, ఆపైన వేడికిగాని కదలని సంయోగ జలాన్ని ప్లస్ గుర్తుతోను సూచింతురు. వచ్చి చేరిన నీరు వేరు, ఇంటివాడైన నీరు వేరు. ఈ విభజన ప్రూస్ట్ చూపిన బాటలోనిదే.

ఈ లెక్క మన పల్లెలకు దూరమైనది కాదు. మన రాష్ట్రాలలో ధాన్యం కొనుగోలు కేంద్రానికి రైతు వడ్లు తెచ్చినప్పుడు మొదట చూచేది తేమ. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం పరిమితి. 20 శాతం తేమ గల 100 క్వింటాళ్ళ వడ్లను 17 శాతానికి ఆరబెట్టిన ఎంత మిగులును? మూడు శాతం తీసివేసి 97 అని చెప్పుట పలువురు చేసే పొరపాటు. అందులో మారనిది 80 క్వింటాళ్ళ శుష్క ధాన్యం. ఆ 80 క్రొత్త మొత్తంలో నూటికి 83 పాళ్ళు కావలెను. కనుక మిగులునది 96.4 క్వింటాళ్ళు. నీరు పోయినప్పుడు నీరు మాత్రమే తగ్గదు, నూరు అనుకొన్న ఆధారం కూడ మారును. ఈ 60 కిలోల తేడాను గ్రహించనిచో నష్టపోయేది రైతో, కొనుగోలుదారో, ఎవరో ఒకరు.

విద్యార్థి మిత్రులు ప్రయోగ పుస్తకంలో శాతాలు వ్రాయునప్పుడు ప్రూస్ట్‌ను ఒకసారి స్మరింతురుగాక. మూసను చల్లార్చి మరల తూచుట, తూకం మారకుండ నిలిచినంత వరకు వేడిచేయుట, పట్టిక పైన ఆర్ద్రమా అనార్ద్రమా అని ఒక మాట వ్రాయుట, ఇవి ఉపాధ్యాయుడు మార్కుల కొరకు పెట్టిన చాదస్తాలు కావు. ఒక శాస్త్రం తన కాళ్ళపై నిలిచినది ఈ జాగ్రత్తల వలననే. ఆ జాగ్రత్తను నేర్పినవాడు రాజాశ్రయం పొందినను పొంగలేదు, సర్వం కోల్పోయినను పని విడువలేదు. ఆయన పచ్చరాయి పాళ్ళు మాత్రం సెగోవియాలోను, మాడ్రిడ్‌లోను, మన ప్రయోగశాలలోను ఒక్కటే.